మాల్దీవుల ఊళ్లలో ఉండి వచ్చాం: ఏ దీవి, ఏ గది, ఎంత ఖర్చు

బెంగళూరులో మనవాళ్ల మధ్య మాల్దీవుల మాట వస్తే హనీమూన్ అంటారు, లేదంటే లక్షల్లో బిల్లు అంటారు. నీళ్ల మీద కట్టిన గది ఫొటో చూసి, దాని ఒక్క రాత్రి రేటు చూసి, అక్కడితో ఆపేసి గోవా టికెట్లు వెతుక్కునేవాళ్లే ఎక్కువ. మేం రిసార్టులకి వెళ్లలేదు. జనం ఉండే దీవులకి వెళ్లాం, అంటే బడి, మసీదు, కిరాణా కొట్టు, చేపల పడవలు అన్నీ ఉన్న ఊళ్లకి. నేనూ, మా ఆయన, బడికెళ్లే మా అమ్మాయి, మా అత్తయ్య. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు, సముద్రంలోకి మోకాళ్ల లోతు దాటి దిగరు. అలాంటి కుటుంబం మాఫుషి, ఫులిదూ, దిగురా అనే మూడు దీవుల్లో ఉండి వచ్చాక నేను ముందుగా చెప్పాలనుకున్నది ఇది: గది రేటు చూసి దీవిని ఎంచుకోకండి, అక్కడికి వెళ్లే పడవని చూసి ఎంచుకోండి. గదిని మాత్రం ఆ ఇల్లు ఎవరిదో కనుక్కుని తీసుకోండి.

ఇలా ఊళ్లలో ఉండడం అక్కడ పాత సంగతేం కాదు. మాల్దీవుల్లో టూరిజం 1972లో మొదలైనా, చాలా ఏళ్లు ప్రభుత్వాల పద్ధతి ఒక దీవికి ఒక రిసార్టు అన్నట్టే నడిచింది. రిసార్టు దీవిలో ఊరు ఉండదు, ఊరున్న దీవిలో టూరిస్టు ఉండడు. దాదాపు 1,200 దీవుల్లో జనం ఉండేవి 200 లోపే. ఆ ఊళ్లవాళ్ల చేతికి టూరిజం డబ్బు రావాలంటే ఇల్లు వదిలి రిసార్టులో పనికి పోవాల్సిందే, నెలల తరబడి పెళ్లాం పిల్లల్ని చూడకుండా. మహమ్మద్ నషీద్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 2009, 2010 ప్రాంతంలో, ఊరి దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు పెట్టుకోవడానికి దారి తెరిచారు. ఫులిదూలో మాకు గది ఇచ్చినాయన అంతకు ముందు రిసార్టులో వెయిటర్‌గా చేశారట. ఇప్పుడు సొంత ఇంటి మీద నాలుగు గదులు వేసుకుని, భార్య వంట చూసుకుంటుంటే, తమ్ముడు పడవ నడుపుతుంటే, ఊళ్లోనే ఉంటున్నారు. మనం ఇచ్చే డబ్బు ఆ ఇంట్లో ఆగుతుంది. నాకు ఈ తరహా ప్రయాణం ఇంత నచ్చడానికి కారణం చవక కంటే ముందు ఇదే.

సరే, ఖర్చు. బెంగళూరు నుంచి రాజధాని మాలేకి నేరుగా విమానం ఉంది, రెండు గంటల ప్రయాణం, గడియారం అరగంట వెనక్కి తిప్పుకోవాలి. వీసాకి ముందుగా తిరగక్కర్లేదు, దిగాక ఉచితంగానే ఇస్తారు, తిరుగు టికెట్టూ గది బుకింగూ చూపిస్తే చాలు. ప్రయాణానికి 96 గంటల లోపు ఐముగా అనే ప్రభుత్వ సైట్‌లో ఒక ఫారం నింపాలి, వచ్చేటప్పుడూ మళ్లీ నింపాలి. అది పూర్తిగా ఉచితం. దానికి డబ్బు అడిగే సైట్లు కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి.

మనవాళ్లు ఎక్కువగా లెక్క తప్పేది గది దగ్గర. 50 డాలర్లకి గది అని రాసి ఉంటుంది, దాన్ని రూపాయల్లోకి మార్చుకుని సంతోషపడతాం. దాని మీద పది శాతం సర్వీస్ చార్జి పడితే 55. ఆ మొత్తం మీద టూరిజం జీఎస్టీ, 2025 జూలై నుంచి 17 శాతం, అంటే ఇంకో 9.35. ఆ పైన గ్రీన్ టాక్స్, 2025 జనవరి నుంచి ఊరి దీవుల్లో 50 గదుల లోపు ఉన్న గెస్ట్‌హౌస్‌లో మనిషికి రాత్రికి 6 డాలర్లు, అంటే ఇద్దరికి 12. మొత్తం 76 డాలర్లు దాటింది. రెండేళ్లు నిండిన పిల్లలందరికీ గ్రీన్ టాక్స్ ఉంది, కాబట్టి మా అమ్మాయికీ కట్టాం. ఇందులో మోసం ఏమీ లేదు, ఆ టాక్సులు అందరికీ ఉన్నవే. కానీ కొన్ని బుకింగ్ సైట్లు అవి కలిపి చూపిస్తాయి, కొన్ని కలపవు. అందుకే బుక్ చేసే ముందు గెస్ట్‌హౌస్‌కి వాట్సాప్‌లో "అన్ని టాక్సులూ, పొద్దున టిఫినూ కలిపి చివరికి ఎంత" అని ఒక్క ముక్క అడగండి. నిమిషాల్లో జవాబిస్తారు, చాలామందికి హిందీ వచ్చు.

ఇక పడవలు. మొత్తం బడ్జెట్‌ని పెంచేదీ తగ్గించేదీ ఇవే. మాలే నుంచి మాఫుషికి ప్రభుత్వ ఫెర్రీలో మనిషికి రెండు మూడు డాలర్లు, గంటన్నర పడుతుంది. అదే దూరం స్పీడ్‌బోట్‌లో అరగంట, ముప్పావుగంట, మనిషికి పాతిక డాలర్ల వరకు. నలుగురికి రానుపోను లెక్కేస్తే ఆ తేడాతో రెండు రాత్రుల గది వచ్చేస్తుంది. దిగురా ఇంకా దూరం, స్పీడ్‌బోట్‌లోనే రెండు గంటలు, మనిషికి 50 డాలర్ల పైనే తీసుకున్నారు. ఫెర్రీకి చిక్కులు ఉన్నాయి: శుక్రవారం నడవదు, కొన్ని దీవులకి వారంలో కొన్ని రోజులే, ఎక్కాల్సిన చోటు ఎయిర్‌పోర్టులో ఉండదు, వంతెన దాటి మాలే ఊళ్లోకి వెళ్లాలి. ఎమ్‌టీసీసీ అనే ప్రభుత్వ సంస్థ ఇప్పుడు కొన్ని మార్గాల్లో వేగంగా వెళ్లే ఫెర్రీలు కూడా వేసింది, ధర స్పీడ్‌బోట్ కంటే బాగా తక్కువ, వాటి టైంటేబుల్ మారుతుంటుంది కాబట్టి వాళ్ల సైట్‌లోనే చూసుకోండి. ముందు పడవల టైంటేబుల్ పక్కన పెట్టుకుని, దానికి కుదిరేలా విమానం బుక్ చేస్తే డబ్బు మిగులుతుంది. సాయంత్రం దిగే విమానం అయితే ఆ రాత్రి ఎయిర్‌పోర్టుకి రోడ్డు ఉన్న హుల్హుమాలేలో పడుకుని పొద్దున్నే బయల్దేరడం మేలు, చీకట్లో పడవ వెతుక్కునే టెన్షన్ ఉండదు.

మాఫుషి అన్నిటికంటే తేలిక. మాలేకి దగ్గర, రోజంతా పడవలు, గెస్ట్‌హౌస్‌లు లెక్కలేనన్ని, పోటీ వల్ల గదులు చవక. మేం తీసుకున్న గది శుభ్రంగా ఉంది, ఏసీ, వేడినీళ్లు, వైఫై ఏదీ ఇబ్బంది పెట్టలేదు. అయినా ఊరు అనిపించలేదు. బీచ్ వైపు వీధి వీధంతా హోటళ్లు, ట్రిప్పులు అమ్మే కౌంటర్లు, ప్రతి అడుగుకీ ఎవరో ఒకరు రేపటి డాల్ఫిన్ ట్రిప్ గురించి అడుగుతుంటారు. విదేశీయుల ఈత దుస్తులకి వేరుగా కట్టిన బీచ్ ఉంది, దాన్ని బికినీ బీచ్ అనే పిలుస్తారు, మధ్యాహ్నానికి కిక్కిరిసిపోతుంది. ఊళ్లో మద్యం నిషేధం కాబట్టి కొంచెం దూరంగా సముద్రంలో లంగరేసిన పెద్ద పడవల్లో బార్లు నడుస్తాయి, చిన్న పడవలు వాటికి జనాన్ని చేరవేస్తుంటాయి. కుర్రాళ్ల గుంపులకి అది నచ్చుతుందేమో, మాకు పని లేదు.

మాఫుషిలో మేం తీసుకున్న స్నార్కెలింగ్ ట్రిప్, అంటే మాస్క్ పెట్టుకుని నీటి మీద తేలుతూ కింద చేపల్ని చూసేది, మాత్రం బాగాలేదు. మూడు చోట్ల ఆపుతామన్నారు, రెండు చోట్లే ఆపారు, పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందన్నారు, పడవ ఎక్కాక చూస్తే దాని బకిల్ పనిచేయదు. అమ్మాయిని నీళ్లలోకి దించలేదు. డబ్బు వెనక్కి అడిగితే సగం ఇచ్చారు. అందుకే చెప్తున్నా, డబ్బు కట్టే ముందు లైఫ్ జాకెట్లు చేత్తో పట్టుకుని చూడండి, పడవలో ఎంతమంది ఉంటారో అడగండి, నీళ్లలో మీతో పాటు గైడ్ దిగుతాడా, పడవ మీదే కూర్చుంటాడా అని అడగండి. మనలో చాలామందికి ఈత రాదు. రీఫ్, అంటే పగడాల దిబ్బ, దాని అంచున లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, ప్రవాహం కూడా ఉంటుంది. ఈత రాకపోయినా ఇసుక నేల ఉన్న లగూన్‌లో, అంటే రీఫ్‌కి లోపలి వైపు నిలకడగా ఉండే నీళ్లలో, నడుము లోతు నీళ్లలో మాస్క్ పెట్టుకుని ముఖం ముంచితే చేపలు కనిపిస్తాయి, మా ఆయన అలాగే చూశారు, అంతకంటే లోపలికి వెళ్లక్కర్లేదు.

ఫులిదూ దగ్గర కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నాకు మళ్లీ వెళ్లాలని ఉన్నది అక్కడికే. వావు అటోల్‌లో ఉంది (అటోల్ అంటే ఉంగరంలా ఉండే పగడపు దీవుల గుంపు), దేశంలో అన్నిటికంటే తక్కువ జనాభా ఉన్న అటోల్ అదే. ఊళ్లో కొన్ని వందల మంది ఉంటారు, తీరిగ్గా నడిచినా అరగంటలో దీవి చుట్టేయొచ్చు. గెస్ట్‌హౌస్‌లు కొన్నే ఉన్నాయి, కాబట్టి ఊరు ఊరి పని చేసుకుంటూ ఉంటుంది, మనం ఒక పక్కన ఉంటాం. పొద్దున యూనిఫాంలో బడికెళ్లే పిల్లలు, చీపుళ్లతో వీధులు ఊడ్చే ఆడవాళ్లు, సాయంత్రం హార్బర్ దగ్గర ఇనుప చట్రాలకి తాళ్లు అల్లిన కుర్చీల్లో కూర్చుని కబుర్లు చెప్పుకునే పెద్దవాళ్లు. ఆ కుర్చీల్ని జోలి అంటారు. అత్తయ్యకి భాష రాదు, అయినా రెండో సాయంత్రానికి అక్కడి ఆడవాళ్లు ఆవిడ కోసం ఒక జోలి ఖాళీగా ఉంచేవాళ్లు. వాళ్లలో ఒకావిడ తిరువనంతపురంలో ఆపరేషన్ చేయించుకున్నారట, ఆవిడకి తెలిసిన హిందీ, అత్తయ్యకి తెలిసిన హిందీ కలిపి గంటలు గంటలు మాట్లాడుకున్నారు. మాల్దీవుల నుంచి వైద్యానికి మన దేశానికి వచ్చేవాళ్లు చాలామంది, మనల్ని చూడగానే ఏదో ఒక ఆసుపత్రి పేరు చెప్పి పలకరిస్తారు.

ఫులిదూలో గది మాఫుషి కంటే కొంచెం ఖరీదు, సౌకర్యం కొంచెం తక్కువ. మా గదిలో ఫ్రిజ్ లేదు, నీళ్లు కాస్త ఉప్పగా తగిలాయి, ఒక మధ్యాహ్నం కరెంటు పోయి గంటకి వచ్చింది. ఇవేవీ నాకు లెక్కలోకి రాలేదు. అదే ఇంటాయన పడవలో వెళ్లిన ట్రిప్‌లో మేం నలుగురం, ఇంకో జంట, అంతే. అమ్మాయి చేయి పట్టుకుని ఆయన తమ్ముడే నీళ్లలో తిప్పాడు, పగడాల మీద కాలు పెట్టొద్దని పడవలోనే రెండుసార్లు చెప్పాడు. తాబేలు కనిపించినప్పుడు దాని వెంట పడనివ్వలేదు. మాఫుషి ట్రిప్ కంటే పది డాలర్లు ఎక్కువ తీసుకున్నారు, నాకు అది సబబే అనిపించింది.

ఒక్క విషయం నచ్చలేదు. హార్బర్ దగ్గర బీచ్‌లోకి పెద్ద పెద్ద స్టింగ్‌రే (టేకు) చేపలు, నర్స్ షార్కులు సాయంత్రం ఒడ్డుదాకా వస్తాయి, టూరిస్టుల కోసం వాటికి చేప ముక్కలు వేస్తుంటారు. చూడడానికి అద్భుతమే, మా అమ్మాయి కదల్లేదు. కానీ చేత్తో తినిపించి అలవాటు చేసిన చేప మనిషిని చూసి భయపడడం మానేస్తుంది, స్టింగ్‌రే తోకకి ముల్లు ఉంది, పక్కనే చిన్న పిల్లలు ఆడుతున్నారు. మాల్దీవులు 2010లో షార్కుల వేటని పూర్తిగా ఆపేసిన దేశం, వాటిని చంపకుండా ఉంటేనే ఎక్కువ ఆదాయం అని అర్థం చేసుకున్న దేశం. అలాంటి చోట తినిపించకుండా చూపించడం కష్టమేం కాదు. ఇంటాయనతో ఇదే అంటే, ఊళ్లో కూడా రెండు అభిప్రాయాలు ఉన్నాయన్నారు. మేం దూరం నుంచి చూసి వచ్చేశాం.

దిగురా గురించి తక్కువే చెప్తాను, అక్కడికి వెళ్లేవాళ్లంతా ఒకదాని కోసమే వెళ్తారు: వేల్ షార్క్, షార్కుల్లో అన్నిటికంటే పెద్దది. దక్షిణ ఆరి అటోల్‌లో ఆ తీరం 2009 నుంచి రక్షిత ప్రాంతం, ఏడాది పొడవునా వేల్ షార్కులు కనిపించే చోటు, వచ్చేవి ఎక్కువగా ఇంకా ఎదుగుతున్న మగవి. కనిపించాయా అంటే కనిపించింది, ఒకటి, దాదాపు అయిదారు మీటర్లు ఉంటుంది. ఒంటి మీద తెల్లటి చుక్కలతో నా కింద నుంచి మెల్లగా వెళ్లిపోయింది, ఆ నిమిషం కోసం ఇంత దూరం రావచ్చు. కానీ ఒక్కసారిగా అరడజను పడవలు దాన్ని చుట్టుముట్టాయి, జనం ఒకరి మీద ఒకరు దూకారు. దానికి మూడు నాలుగు మీటర్ల దూరం పాటించాలని, ముట్టుకోకూడదని నియమాలు ఉన్నాయి, మా గైడ్ పాటించాడు, మిగతా పడవల్లో కొందరు పాటించలేదు. బుక్ చేసేటప్పుడు "తప్పకుండా చూపిస్తాం" అనేవాళ్ల దగ్గరకి వెళ్లకండి, సముద్రంలో జంతువుకి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. దీవి మాత్రం చాలా అందంగా ఉంది, పొడవు మూడు కిలోమీటర్ల దాకా, చెట్ల మధ్య దారిలో చివరి ఇసుక తిన్నె దాకా నడిచి వెళ్లొచ్చు, తలపైన పెద్ద గబ్బిలాలు ఎగురుతుంటాయి. పడవ ఖర్చు వల్ల మొత్తం మీద మాకు ఎక్కువ పడింది ఇక్కడే. వేల్ షార్క్ మీద అంత ఆశ లేకపోతే ఆ డబ్బుతో ఫులిదూలో ఇంకొన్ని రోజులు ఉండడం మేలు.

తిండి సంగతి శాకాహారులకి ముఖ్యం. అక్కడి వంట అంతా ట్యూనా, కొబ్బరి. పొద్దున మస్ హుని అని ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, పచ్చిమిరప, నిమ్మరసం కలిపి మన చపాతీ లాంటి రోషితో తింటారు, మా ఆయనకి, నాకు తెగ నచ్చింది. సాయంత్రం టీ కొట్లలో దొరికే చిరుతిళ్లు చూడడానికి మన బజ్జీలు, సమోసాల్లాగే ఉంటాయి, లోపల దాదాపు అన్నిట్లో చేప ఉంటుంది, అడగకుండా తీసుకోవద్దు. "వెజ్" అంటే మాంసం లేకపోతే చాలు అనుకునేవాళ్లు ఉన్నారు, కాబట్టి చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. ఫులిదూలో ఆ ఇంటావిడ అత్తయ్య కోసం గుమ్మడికాయ కూర, పప్పు, సీమపనస వేపుడు చేసి పెట్టారు, కరివేపాకు వాళ్ల పెరట్లోనే ఉంది. మేం తీసుకెళ్లిన కందిపొడి, నిమ్మకాయ పచ్చడి ప్యాకెట్లు మిగతా రెండు దీవుల్లో ఆదుకున్నాయి. కూరగాయలు, పళ్లు అన్నీ పడవలో రావాల్సిందే కాబట్టి ధరలు బెంగళూరులో ఊహించుకుని వెళ్లొద్దు.

మన ఇళ్లలో చాలామంది ప్రయాణానికి చిన్న విగ్రహం బ్యాగులో పెట్టుకుంటారు. మాల్దీవుల్లోకి పూజా విగ్రహాలు తీసుకెళ్లడం నిషేధం, స్కానింగ్‌లో పట్టుకుంటే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. అత్తయ్యకి ఈ మాట ముందే చెప్తే ఇంట్లోనే ఉంచి వచ్చారు. మద్యం సీసాలు, పంది మాంసం, వేప్‌లు (ఈ-సిగరెట్లు) కూడా కుదరవు. తిరిగి వచ్చేటప్పుడు పగడం ముక్కలు, గవ్వలు, ఇసుక తేవడం కూడా నిషేధమే, పిల్లల జేబులు చూసుకోండి. ఊళ్లో తిరిగేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, చుడీదార్, కుర్తా, లుంగీ, ప్యాంటు అన్నీ సరిపోతాయి. ఈత దుస్తులు బికినీ బీచ్ వరకే. నమాజు వేళ కొట్లు కాసేపు మూస్తారు, శుక్రవారం మధ్యాహ్నం దాకా ఊరంతా నెమ్మదిగా ఉంటుంది, ఆ పూట నీళ్ల సీసా, బిస్కెట్లు ముందే కొని పెట్టుకోండి. డబ్బు డాలర్లలో తీసుకెళ్తే గెస్ట్‌హౌస్, పడవ, ట్రిప్ అన్నీ గడిచిపోతాయి. చిన్న కొట్లలో అక్కడి కరెన్సీ రుఫియా ఇస్తే లెక్క నికరంగా ఉంటుంది, డాలర్‌కి 15.42 దగ్గర కట్టి ఉంచారు.

లక్షద్వీప్ ఉండగా అంత దూరం ఎందుకని మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన అడిగారు. నిజమే, అదే సముద్రం, అలాంటి పగడపు దీవులే, మన దేశమే. కానీ 36 దీవుల్లో జనం ఉండేవి పది, వెళ్లడానికి పర్మిట్ కావాలి, కొచ్చి నుంచి ఓడ టికెట్లు దొరకాలి, ఇంటి తరహా బసలు ఇంకా తక్కువ. పర్మిట్ కోసం నెలల ముందు నుంచి ప్రయత్నించే ఓపిక ఉంటే తప్పకుండా వెళ్లండి. రెండు మూడు వారాల ముందు అనుకుని బయల్దేరాలంటే మాత్రం మాల్దీవులే సులువు.

ఎవరికి ఏది అంటే, మొదటిసారి విదేశం వెళ్తున్నవాళ్లు, చేతిలో రోజులు తక్కువ ఉన్నవాళ్లు మాఫుషికి వెళ్లండి, ట్రిప్ మాత్రం చూసి తీసుకోండి. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న కుటుంబాలు ఫులిదూ లాంటి చిన్న ఊరికి వెళ్లి కదలకుండా ఉండండి. మూడు దీవులు తిరగాలని మాత్రం ప్లాన్ వేయకండి, పడవలకే డబ్బు, పూటలు పోతాయి. గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేసినప్పుడు మొహమాటపడకుండా అడగండి: యజమాని అదే ఊళ్లో ఉంటారా, వంట ఎవరు చేస్తారు, పడవ ఎవరిది అని. మాలేలో ఉండే పెట్టుబడిదారు లీజుకి నడిపే గదులు కూడా ఇప్పుడు చాలా ఉన్నాయి, అవీ శుభ్రంగానే ఉంటాయి, కానీ డబ్బు ఊళ్లో నిలవదు.

సముద్రం డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నెమ్మదిగా ఉంటుంది. బెంగళూరు బళ్లకి వేసవి సెలవులు ఇచ్చాక ఏప్రిల్ రెండో, మూడో వారంలో వెళ్తే రేట్లు కాస్త దిగుతాయి, నీళ్లు ఇంకా తేటగానే ఉంటాయి. మేలోకి జారితే గాలివాన మొదలవుతుంది, స్పీడ్‌బోట్‌లో నడుము కదిలిపోతుంది, పెద్దవాళ్లతో అసలు వద్దు. రంజాన్ నెల ఎప్పుడు పడుతుందో కూడా చూసుకోండి. ఆ రోజుల్లో ఊళ్లో హోటళ్లు పగలు మూసే ఉంటాయి, గెస్ట్‌హౌస్‌లో మాత్రం మనకి వండి పెడతారు, మూడు పూటలా భోజనం కలిపి మాట్లాడుకుని వెళ్తే ఇబ్బంది ఉండదు.